గతంలో మనకు కుర్చీ వేస్తారా?

కాలయంత్రం దొరికితే ఎక్కడికి వెళ్తారు? నలుగురు తెలుగువాళ్లు కూర్చున్నచోట ఈ ప్రశ్న వేసి చూడండి. ముగ్గురు తడుముకోకుండా హంపీ పేరు చెబుతారు. రాయలవారి కొలువు, భువనవిజయం, వీధుల్లో రాసులు పోసి అమ్మే రత్నాలు... ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరికి ఈ కోరిక పుట్టించింది 'ఆదిత్య 369' అయి ఉంటుంది. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఆ సినిమా 2025 ఏప్రిల్ 4న కొత్త మెరుగులు దిద్దుకుని మళ్లీ థియేటర్లకు వచ్చింది. ముప్ఫై నాలుగేళ్లు గడిచినా, యంత్రం 1526లో దిగే ఘట్టం దగ్గర ఒళ్లు పులకరిస్తుంది. అక్కణ్నుంచి 2504కి వెళ్లే భాగం కాస్త పాతబడింది గానీ, విజయనగరం భాగానికి వన్నె తగ్గలేదు.

అయితే ఓ చిన్న అనుమానం. ఆ నలుగురిలో ఒక్కరైనా 1876 అని ఎందుకు అనరు? ధాత కరువు మొదలైన ఏడాది అది. రాయలవారి కొలువులో కూర్చున్నవాళ్లు ఎందరో లెక్కేస్తే వందల్లో తేలతారు. కోట బయట పొలాల్లో చెమటోడ్చినవాళ్లు, పన్నులు కట్టలేక ఊళ్లొదిలి పోయినవాళ్లు లక్షల్లో. మన ముత్తాతల ముత్తాతలు ఎక్కువమంది ఆ రెండో జాబితాలోనే ఉండి ఉంటారు. మరి యంత్రం దిగగానే లోపలికి పిలిచి కుర్చీ వేసేదెవరు? వాకిట్లోనే ఆపేసి 'ఎవరి తాలూకు నువ్వు?' అని అడిగేవాళ్లే ఎక్కువ.

సరిగ్గా ఈ అనుమానాన్నే పట్టుకుని ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత్రి 1979లో ఓ నవల రాసింది. పేరు 'కిండ్రెడ్'. రక్తసంబంధం అనుకోవచ్చు. 'ఆదిత్య 369' చూసి వచ్చిన వారంలోనే ఈ పుస్తకం పట్టుకుంటే, అప్పటిదాకా కాలయంత్రమంటే ఉన్న సరదా అంతా ఒక్క రాత్రిలో దిగిపోతుంది. అయినా పుస్తకం మాత్రం కింద పెట్టలేరు.

కథానాయిక డేనాకి ఇరవయ్యారేళ్లు. రచయిత్రి కావాలని ఆరాటం. భర్త కెవిన్ తెల్లవాడు, అతనూ రచయితే. 1976 జూన్ 9న, ఆమె పుట్టినరోజునాడు, కాలిఫోర్నియాలో కొత్తగా చేరిన ఇంట్లో పుస్తకాలు సర్దుకుంటూ ఉంటారు. ఉన్నట్టుండి డేనాకి కళ్లు తిరుగుతాయి. తెరిచి చూస్తే ఎదురుగా ఏరు. నీళ్లలో ఓ తెల్లపిల్లాడు మునిగిపోతుంటాడు. బయటికి లాగి, నోట్లో నోరు పెట్టి ఊపిరి పోస్తుంది. అందుకు దక్కిన బహుమానం ఆ పిల్లాడి తండ్రి ఎక్కుపెట్టిన తుపాకీ. భయంతో కళ్లు మూసి తెరిచేసరికి మళ్లీ సొంత ఇల్లు. ఒంటినిండా బురద. కెవిన్ లెక్కలో గడిచింది కొన్ని సెకన్లే.

రెండోసారి వెళ్లినప్పుడు గానీ సంగతి బోధపడదు. అది మేరీల్యాండ్ రాష్ట్రం. సంవత్సరం 1815. పిల్లాడి పేరు రూఫస్. బానిసలతో వ్యవసాయం చేయించే ఆసామి కొడుకు. ఇంటి బైబిల్లో రాసుకున్న వంశవృక్షం గుర్తు తెచ్చుకుంటే డేనాకి గుండె జారిపోతుంది. ఈ రూఫస్ ఎవరో కాదు, తన పూర్వీకుడే.

ఇందులో యంత్రం లేదు, మీటలు లేవు, గడ్డం ప్రొఫెసర్ అసలే లేడు. రూఫస్ ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా డేనా వెళ్లి తీరాలి. తన ప్రాణం పోతుందన్న భయం పుడితే తప్ప తిరిగి రాలేదు. నియమం అంతే. ఎందుకలా జరుగుతోందో రచయిత్రి ఒక్క వాక్యంలో కూడా వివరించదు. సైన్సు లేదు కాబట్టి దీన్ని సైన్స్ ఫిక్షన్ అనొద్దని, భయంకరమైన ఫాంటసీ అనమని బట్లరే చెప్పేది. ఆ వివరణ లేకపోవడమే మంచిదయింది. మీట నొక్కి వెళ్లేవాడు యాత్రికుడు. జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతే వెళ్లేవాళ్లను ఏమనాలి? ఆఫ్రికా నుంచి ఓడల్లో కుక్కి తెచ్చినవాళ్లు ఎలా వెళ్లారో డేనా కూడా అలాగే వెళ్తుంది.

మూడోసారి కెవిన్ ఆమెను గట్టిగా పట్టుకుని తనూ వెళ్తాడు. నవలలో పదునంతా ఇక్కడుంది. ఒకే ఇల్లు, ఒకే ఏడాది, ఒకరినొకరు ప్రాణంగా చూసుకునే ఇద్దరు మనుషులు. అక్కడ కెవిన్‌కి అతిథి మర్యాదలు, యజమాని బల్ల దగ్గర భోజనం, పిల్లాడికి చదువు చెప్పే కొలువు. డేనాకి వంటింటి చాకిరీ. బయటివాళ్ల ముందు ఆమె అతని బానిస. కెవిన్ మంచివాడు, అందులో అనుమానం లేదు. అయినా ఓ రోజు మాటల్లో, ఈ కాలంలో పడమరకి పోయి దేశం రూపుదిద్దుకోవడం చూస్తే ఎంత బాగుంటుందో అన్నట్టు మాట్లాడతాడు. అక్కడ ఇండియన్లను ఏం చేస్తున్నారో డేనా గుర్తుచేయాల్సి వస్తుంది. ఇంకోసారి ఇద్దరూ బానిసల పిల్లలు ఆడుకుంటుంటే చూస్తారు. ఆట ఏమిటంటే, ఒక పిల్లాడు మొద్దు పక్కన నిలబడి మిగతావాళ్లను వేలం వేస్తుంటాడు. కెవిన్‌కి అది పిల్లల ఆటగానే కనిపిస్తుంది. డేనాకి మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాదు. కొరడాల మోత వినిపించే పేజీలన్నీ ఒక ఎత్తు, ఈ పిల్లల ఆట ఒక్కటీ ఒక ఎత్తు.

పిల్లాడు రూఫస్ పెద్దవాడై యజమాని అవుతాడు. స్వేచ్ఛగా పుట్టి, తర్వాత బానిసగా మారిన ఆలిస్ మీద కన్నేస్తాడు. ఆమెకు అతనంటే అసహ్యం. కానీ వాళ్లిద్దరికీ హేగర్ అనే ఆడపిల్ల పుడితేనే డేనా వంశం నిలుస్తుంది. బలవంతం చేయించుకోవడమా, తనంతట తాను వెళ్లడమా... ఏదో ఒకటి తేల్చుకోమని ఆలిస్‌కి చెప్పి ఒప్పించే పని రూఫస్ ఎవరికి అప్పగించాడనుకున్నారు? డేనాకే. తను పుట్టాలంటే ఆ అన్యాయం జరగాలి. జరగొద్దని అడ్డుపడితే తనే ఉండదు. ఇక్కడ పుస్తకం మూసి, కాసేపు వీధిలో తిరిగి రావాలనిపిస్తుంది. ఎవరి వంశవృక్షమైనా బాగా తవ్వితే ఇలాంటి కొమ్మ ఒకటి తగలకపోదు. గోడ మీద పూలదండలు వేసిన ఫొటోల వెనక ఏముందో ఎవరికి తెలుసు?

బట్లర్ తల్లి ఇళ్లలో పనిచేసేది. దొడ్డిదారిన లోపలికి వెళ్లడం, యజమానులు అనే మాటలు విననట్టు ఊరుకోవడం చిన్నప్పుడు బట్లర్ కళ్లారా చూసింది. కాలేజీలో తోటి కుర్రాడొకడు, అణిగిమణిగి బతికిన పాత తరంవాళ్లు జాతిని వెనక్కి లాగారని మండిపడ్డాడట. వాళ్లు అలా బతకబట్టే కదా నువ్వు ఇక్కడ ఉన్నావన్న ఆలోచనే చివరికి నవలయింది. పరిశోధన కోసం బస్సెక్కి మేరీల్యాండ్ వెళ్లింది. జార్జి వాషింగ్టన్ ఇంటిని చూపించే గైడ్లు అక్కడ బానిసల్ని 'పనివాళ్లు' అని చెబుతుండటం చెవిన పడింది. బట్లర్ 2006లో పోయింది. నవలను 2022లో టీవీ సీరియల్‌గా తీశారు. ఒక్క సీజన్‌తోనే ఆపేశారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కెవిన్ గతంలో చిక్కుకుపోయి ఐదేళ్లు ఒంటరిగా గడుపుతాడు. ఆ ఐదేళ్లలో అతను చూసిందేమిటో, చేసిందేమిటో ఒకటి రెండు మాటల్లో తేల్చేసింది. దాని మీదే ఇంకో నవల రాయొచ్చు. డేనా మాత్రం చివరి ప్రయాణంలో ఎడమచేయి పోగొట్టుకుని వస్తుంది. ఇది మొదటి పేజీలోనే చెప్పేస్తారు కాబట్టి గుట్టు విప్పేసినట్టు కాదు. ఆ తేదీ 1976 జులై 4. దేశమంతా స్వాతంత్ర్యం వచ్చి రెండొందల ఏళ్లయిందని బాణసంచా కాల్చుకుంటున్న రోజు.

మరి గతంలో మర్యాద దొరికినవాళ్ల సంగతి? కోనీ విల్లిస్ 1992లో రాసిన 'డూమ్స్‌డే బుక్' అలాంటి కథ. ఇందులో 2054 నాటి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో చరిత్ర విద్యార్థుల్ని ఫీల్డ్ వర్కుకి గతంలోకి పంపిస్తుంటారు. కివ్రిన్ అనే అమ్మాయి 1320 చూడాలని పట్టుబడుతుంది. యంత్రం నడిపే బద్రి చౌధురి, పేరు చూస్తే మనవాడే, లెక్కలు చూస్తూ చూస్తూ జ్వరంతో కుప్పకూలిపోతాడు. కివ్రిన్ దిగింది 1320లో కాదు, 1348లో. ఇంగ్లండ్‌లోకి ప్లేగు అడుగుపెట్టిన ఏడాది.

దిగీ దిగగానే ఆమెకు ఎదురైన మొదటి చిక్కు భాష. ఏళ్లతరబడి నేర్చుకున్న పాత ఇంగ్లిషు పల్లెజనం నోట వింటే ఒక్క ముక్క అర్థం కాదు. ఈ పేజీలు చదువుతుంటే నవ్వొస్తుంది. మనవాళ్లు 1526లో దిగి గడగడా మాట్లాడేశారు గానీ, ఆముక్తమాల్యదకు ఈరోజు టీకా తాత్పర్యాలు లేకుండా ఎన్ని పద్యాలు కొరుకుడుపడతాయి?

ఓ చిన్న ఊరి జమీందారు కుటుంబం కివ్రిన్‌ని ఇంట్లో పెట్టుకుని ఆదరిస్తుంది. చదువురాని పల్లె పూజారి ఫాదర్ రోష్ అయితే, దేవుడు పంపిన పుణ్యస్త్రీ అని నమ్మేస్తాడు. ఇంతకంటే మర్యాద ఏం కావాలి? కానీ ఆమెకు ప్లేగు టీకా వేసి పంపారు. వాళ్లకు లేదు. ఐదేళ్ల ఆగ్నెస్, పన్నెండేళ్ల రోజ్మండ్ ఆమెకు సొంత చెల్లెళ్లలా అలవాటయ్యాక ఇంట్లో ఒకరి చంకలో గడ్డ కనిపిస్తుంది. ఏం జరగబోతోందో ఆ ఊళ్లో తెలిసింది ఆమె ఒక్కదానికే. చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. నీళ్లు తాగించడం, గుడ్డలు మార్చడం, ఆపైన గుంటలు తవ్వడం. గంట మోగించే మనిషి కూడా కరవైతే ఆ పనీ తనే చేస్తుంది. మగవాడు పోతే తొమ్మిది దెబ్బలు, ఆడమనిషికి మూడు, పిల్లలకు ఒకటి. చూసిందంతా మణికట్టులో అమర్చిన రికార్డరుకి చెబుతూ ఉంటుంది. మాట్లాడాలంటే రెండు చేతులూ జోడించాలి. చూసేవాళ్లకు ప్రార్థన చేస్తున్నట్టు కనిపిస్తుంది. చివర్లో అది ప్రార్థనో రికార్డింగో చదివేవాళ్లు కూడా చెప్పలేరు.

నవలలో సగం 2054 ఆక్స్‌ఫర్డ్‌లో నడుస్తుంది. అక్కడా ఓ అంటువ్యాధి, క్వారంటైను. ఈ సగం బాగా సాగదీశారు. ఒకరినొకరు ఫోన్లో దొరకబుచ్చుకోలేక పాత్రలన్నీ పరుగులు తీస్తుంటాయి. కాలయంత్రాన్ని ఊహించిన రచయిత్రికి సెల్‌ఫోన్ తట్టలేదు! అదే రచయిత్రి, మహమ్మారి రాగానే టాయ్‌లెట్ పేపర్ నిండుకుంటుందని మాత్రం 1992లోనే కనిపెట్టింది. 2020 చూసినవాళ్లకు ఆ పేజీల దగ్గర నవ్వు ఆగదు. హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ వచ్చాయి. ఆరొందల పేజీల్లో ఓ నూట యాభై తీసేసి ఉంటే ఇంకా బాగుండేది.

రూఫస్‌ని మార్చలేకపోయిన డేనా, ఊరిని కాపాడలేకపోయిన కివ్రిన్. మార్చలేనప్పుడు ఇక గతంలోకి పోవడం దేనికి? ఇందుకు టెడ్ చియాంగ్ రాసిన ఓ కథ జవాబిస్తుంది. ఈయన 1990 నుంచి రాస్తున్నా, 2002లో ఒకటి, 2019లో ఒకటి వచ్చిన రెండు సంపుటాల్లో ఇంచుమించు కథలన్నీ ఇమిడిపోతాయి. 'ది మర్చెంట్ అండ్ ది ఆల్కెమిస్ట్స్ గేట్' 2007 నాటిది. రెండో సంపుటం ఈ కథతోనే మొదలవుతుంది.

చెప్పే తీరు అచ్చం అరేబియన్ నైట్స్. కథలో కథ, దాని కడుపులో ఇంకో కథ. బాగ్దాదులో ఫువాద్ అనే బట్టల వర్తకుడు ఓ రసవాది దుకాణంలోకి వెళ్తాడు. అక్కడ గుండ్రటి ద్వారం ఒకటుంది. దూరి అవతలికి వెళ్తే ఇరవై ఏళ్ల తర్వాతి బాగ్దాదు. గతంలోకి వెళ్లాలంటే ఈ ద్వారం పనికిరాదు, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట ఇది లేదు. కైరోలో పాత ద్వారం ఉంది, అక్కడికి పోవాలి. ఇది గాలి కబురు కాదు. కిప్ థోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త కాలయంత్రం గురించి చెప్పిన ఊహ నుంచి తీసుకున్న నియమం. యంత్రం తయారైన రోజు కంటే వెనక్కి ఎవరూ వెళ్లలేరు. స్టీఫెన్ హాకింగ్ 2009లో కాలయాత్రికుల కోసం విందు ఏర్పాటు చేసి, విందు అయిపోయాక ఆహ్వానాలు పంపాడు. ఒక్కరూ రాలేదు. పాపం, అప్పటికి ద్వారం కట్టలేదేమో!

లోపలి కథల్లో ఓ నేతగాడి కథ భలే ఉంటుంది. ఇరవై ఏళ్లు ముందుకెళ్లి చూస్తే ముసలి తను పెట్టె నిండా బంగారం దాచుకుని, పరమ పిసినారిగా బతుకుతుంటాడు. ఈ ముసలాడికెందుకని ఆ బంగారం ఎత్తుకొచ్చేస్తాడు. ఖర్చయిపోతుంది. ఇక ఆ పెట్టె నింపిపెట్టడానికి జీవితమంతా కడుపు మాడ్చుకుని కూడబెట్టాల్సి వస్తుంది. ఆ ముసలాడు ఎందుకలా పిసినారి అయ్యాడో అప్పటికి గానీ తెలియదు.

ఫువాద్ సంగతి వేరు. ఇరవై ఏళ్ల కిందట భార్య నజ్యాతో గొడవపడి, కోపంగా ఊరెళ్లాడు. తిరిగొచ్చేలోపు మసీదు గోడ కూలి ఆమె చనిపోయింది. ఆ చివరి మాటలు అతన్ని ఇరవై ఏళ్లుగా తింటున్నాయి. జరిగింది మారదని రసవాది ముందే చెబుతాడు. అయినా ఫువాద్ కైరో దాకా పోయి, ద్వారం దాటి, ఎడారి మీదుగా బాగ్దాదుకు పరిగెడతాడు. ఇసుక తుపాను అడ్డుపడుతుంది. వేళకు చేరలేడు. కానీ ఆలస్యంగానైనా వెళ్లాడు కాబట్టే ఒక మనిషి ఎదురవుతుంది, నజ్యా ఆఖరి మాట అతని చెవిన పడుతుంది. ఆ మాటేమిటో ఇక్కడ చెబితే పాపం. ముప్ఫై పేజీల కథ. భార్యతోనో భర్తతోనో ఉదయం మాటామాటా అనుకుని ఆఫీసుకు వచ్చినవాళ్లు మధ్యాహ్నం భోజనవేళలో చదివితే, సాయంత్రం కాస్త పెందరాళే ఇల్లు చేరతారు.

ఇదే ఊహను జపాన్ నాటకకర్త తొషికాజు కవాగుచి కాఫీ కప్పులోకి దించేశాడు. 'బిఫోర్ ది కాఫీ గెట్స్ కోల్డ్' 2015లో జపనీస్‌లో, 2019లో ఇంగ్లిషులో వచ్చింది. నాటకంగా రాసి తర్వాత నవల చేశాడు. ఆ వాసన పోలేదు. పాత్రలు తలుపు తోసుకుని రావడం, మాట్లాడి వెళ్లిపోవడం. చెప్పిందే చెప్పడం కూడా ఎక్కువే. చియాంగ్ చెక్కిన శిల్పం పక్కన ఇది మట్టిబొమ్మ. అయినా ఓ అధ్యాయం మాత్రం మనసులోంచి పోదు.

టోక్యోలో ఓ సందు, భూమి కింద చిన్న కాఫీ హోటలు. అందులో ఒక్క కుర్చీలో కూర్చుంటే గతంలోకి వెళ్లొచ్చు. కుర్చీ దిగకూడదు. కాఫీ చల్లారేలోపు తాగేసి తిరిగి రావాలి. అక్కడ ఏం చేసినా ఇక్కడ ఏదీ మారదు. ఇంతా చేసి ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. కాఫీ చల్లారేదాకా కూర్చుండిపోయిన ఒకావిడ దెయ్యమై, తెల్లబట్టల్లో పుస్తకం చదువుకుంటూ అందులోనే ఉంటుంది. రోజుకొక్కసారి టాయ్‌లెట్‌కి లేస్తుంది. ఆ కాసేపట్లోనే ఎవరైనా కూర్చోవాలి.

కొహ్‌టాకే నర్సు. భర్త ఫుసాగికి అల్జీమర్స్. భార్యనే గుర్తుపట్టని స్థితికి వచ్చాడు. ఎవరో తెలిసిన ఆవిడ అనుకుని మర్యాదగా పలకరిస్తాడు. అతన్ని గాభరా పెట్టడం ఇష్టంలేక ఆమె కూడా నర్సుగానే మసలుతుంటుంది. హోటల్లోవాళ్లు కూడా ఆమెను పుట్టింటి పేరుతో పిలుస్తుంటారు. భార్యకు ఇవ్వాలనుకుని ఇవ్వని ఉత్తరం ఒకటి అతని దగ్గరుందని ఆమెకు తెలుస్తుంది. ఇంకా జ్ఞాపకం మిగిలి ఉన్న రోజుకు వెళ్లి, ఎదుట కూర్చున్న భర్త చేతుల మీదుగా ఆ కవరు తీసుకుంటుంది. కాఫీ తాగేసి వచ్చేస్తుంది. ఉత్తరంలో అతను కోరిందల్లా తనకు నర్సుగా ఉండొద్దని. భార్యగా ఉండలేనంత కష్టమైతే వదిలేసి వెళ్లిపొమ్మని కూడా రాశాడు.

ఆమె వచ్చేసరికి అతని జబ్బు అలాగే ఉంది. ఏమీ మారలేదు. హోటల్లోవాళ్లతో మాత్రం ఆమె ఒక్కమాట చెబుతుంది. ఇవాళ్టి నుంచి పుట్టింటి పేరుతో కాకుండా మళ్లీ ఫుసాగి గారి భార్యగానే పిలవండని.